మస్టర్ పడని సీజన్

మా నాయిన ఇల్లందులో బొగ్గుబాయి మనిషి. తట్టా చెమ్మస్ పట్టి, టబ్బుల్లో బొగ్గు నింపే ఫిల్లర్‌గా దిగినవాడు. దిగడం మానేసే నాటికి జుట్టులో నలుపు పోయింది గానీ గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. మా ఇంట్లో ఏ రోజు ఎట్లా గడిచిందో తేల్చే మాట ఒకటే ఉండేది: "మస్టర్ పడ్డదా?" వేళకు బాయి మీదికి చేరి, హాజరు పుస్తకంలో పేరెక్కితే మస్టర్ పడ్డట్టు. ఆలస్యమైతే సద్ది గిన్నెతో ఇంటికి తిరిగి రావలసిందే. జీతమైనా సెలవైనా బోనసైనా ఆ మస్టర్ల లెక్కే.

చిన్నప్పుడొకసారి, పది నిమిషాలకే వెనక్కి పంపడం న్యాయమేనా అని అడిగాను. నాయినకు కోపం రాలేదు. "పుస్తకం ఉండాలె గదరా. ఎవడు దిగిండో రాసుకోకపోతే, ఎవడు పైకి రాలేదో ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

ఆ మాట చాలా ఏళ్ల తర్వాత, పెన్సిల్వేనియాలో పాట్స్‌విల్ అనే ఊళ్లో నాకు మళ్లీ గుర్తొచ్చింది.

ఫిలడెల్ఫియా దగ్గర కాపురముంటున్నా అమెరికన్ ఫుట్‌బాల్ నాకు పట్టలేదు. దాన్ని నాకు పట్టించింది బొగ్గే. రెడింగ్ దాటి 61వ నంబర్ రోడ్డు మీద ఉత్తరంగా పోతే కొండల మధ్య ఇరుగ్గా పాట్స్‌విల్ వస్తుంది. ఆ చుట్టుపక్కల దొరికేది ఆంత్రసైట్. మన గోదావరి లోయ బొగ్గు ముట్టుకుంటే చేతికి మసి. ఇది గాజులా మెరుస్తుంది, గట్టిది, కాలితే పొగ తక్కువ. న్యూయార్క్, ఫిలడెల్ఫియాల్లో ఇళ్లు చలికాలమంతా దీనితోనే వెచ్చగా ఉండేవి. బాయిలోంచి పైకొచ్చిన బొగ్గును పగలగొట్టి జల్లించే ఎత్తయిన కట్టడాన్ని బ్రేకర్ అనేవాళ్లు. జారే బొగ్గుకు అడ్డంగా పలకల మీద వరసగా కూర్చొని, చేతులతో రాళ్లు ఏరిపారేసేది పదేళ్లూ పన్నెండేళ్ల పిల్లలు. లూయిస్ హైన్ 1911లో తీసిన ఫొటోల్లో వాళ్ల ముఖాలున్నాయి. కళ్లు తప్ప అంతా నలుపే.

ఈ ఊరికి తీర్పుల మీద పాత అనుమానమొకటి ఉంది. 1877 జూన్ 21న మాలీ మగ్వైర్లనే పేరు వేసి ఐరిష్ బొగ్గు కార్మికుల్ని ఉరితీశారు. ఆ ఒక్కరోజే పాట్స్‌విల్ జైల్లో ఆరుగురు, మాక్ చంక్‌లో నలుగురు. నేరాలు తవ్వింది కంపెనీ పెట్టుకున్న ప్రైవేటు డిటెక్టివ్, కోర్టులో నిలబడి వాదించింది బొగ్గు రైల్వే కంపెనీ అధ్యక్షుడే. అలాంటి ఊరు ఆటలో తీర్పును కూడా తేలిగ్గా మింగదు.

1920 సెప్టెంబర్‌లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో, ఒక కార్ల షోరూములో కూర్చొని కొన్ని జట్ల వాళ్లు వృత్తి ఫుట్‌బాల్ లీగ్ పెట్టుకున్నారు. రెండేళ్లకు దాని పేరు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయింది. ఇవాళ లక్షల కోట్ల వ్యాపారమైన ఎన్‌ఎఫ్‌ఎల్ అదే. అప్పటి సంగతి వేరు. మర్యాదస్తులు చూసేది కాలేజీ ఆట. డబ్బు పుచ్చుకొని ఆడేవాళ్లంటే చిన్నచూపు. 1925లో లీగ్‌లో 20 జట్లు. ఎవరు ఎవరితో ఎన్ని ఆటలు ఆడాలో లీగ్ చెప్పేది కాదు, జట్ల యజమానులే ఒకరికొకరు మాట్లాడుకొని కుదుర్చుకునేవాళ్లు. ఫైనల్ లేదు. సమానంగా ముగిసినవి వదిలేసి, మిగతా ఆటల్లో గెలుపు శాతం ఎవరిది ఎక్కువైతే వాళ్లే విజేత. ఆ శాతం సంగతి గుర్తు పెట్టుకోండి.

ఆటను కబడ్డీ తెలిసినవాళ్లకు చెప్పినట్టు చెప్తాను. ఇటు పదకొండుగురు, అటు పదకొండుగురు. బంతి చంకలో ఇరికించుకొని అవతలి చివరి గీత దాటాలి. వాళ్లు పట్టి పడేస్తారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలన్నా ముందుకు జరక్కపోతే బంతి వాళ్ల చేతికి పోతుంది. గీత దాటితే 6 పాయింట్లు, ఆపైన బంతిని తన్ని గోలు కొయ్యల మధ్య నుంచి పంపితే ఇంకొకటి. గీత దాకా పోలేమనుకుంటే దూరం నుంచే కొయ్యల మధ్యకు తన్ని 3 తెచ్చుకోవచ్చు. ఇప్పట్లా దాడికొక గుంపు, అడ్డుకోవడానికొక గుంపు అప్పట్లో లేవు. జట్టంతా కలిపి పదహారు మంది. దిగినవాడు రెండు పనులూ చేయాలి, నెత్తిన తోలు టోపీతో. అది కూడా పెట్టుకుంటే పెట్టుకున్నట్టు.

పాట్స్‌విల్ జట్టు మొదట ఆంత్రసైట్ లీగ్ అనే చుట్టుపక్కల బొగ్గు ఊళ్ల పోటీల్లో ఆడేది. 1924లో జాన్ స్ట్రీగల్ అనే స్థానిక సర్జన్ దాన్ని 1,500 డాలర్లకు కొన్నాడు. ఆటసామాన్ల కొట్టు నడిపే జో జాకో జెర్సీలకు ఆర్డరిచ్చి, రంగు ఏదైనా పర్లేదన్నాడట. వచ్చినవి మెరూన్ రంగువి. అట్లా మెరూన్స్ అయ్యారని ఊళ్లో కథ. ఆ ఏడాది బొగ్గు ఊళ్ల పోటీల్లో విజేతలయ్యారు, 1925లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేరారు.

డాక్టరు కోచ్‌గా తెచ్చిన డిక్ రాక్ ఒక షరతు పెట్టాడు: ఆటగాళ్లు ఊళ్లోనే కాపురముండాలి, వారమంతా కలిసి సాధన చేయాలి. ఆదివారం రైలు దిగి ఆడి, డబ్బు జేబులో వేసుకొని వెళ్లిపోయే రోజుల్లో ఇది కొత్త. చార్లీ బెరీ వచ్చాడు. వేసవిలో బేస్‌బాల్ క్యాచర్, చలికాలంలో బంతి అందుకోవడంలోనూ తన్నడంలోనూ దిట్ట. ఆ సీజన్లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు, 74, అతనివే. స్టైన్ అన్నదమ్ములు వచ్చారు. పక్క ఊరు షెనండోవా నుంచి ఫ్రాంక్ రాసిస్, బార్నీ వెంట్జ్ వచ్చారు.

వీళ్లందరిలో ఊరు తనవాడనుకున్నది టోనీ లటోన్‌ని. తండ్రి చనిపోతే పదకొండో ఏట బొగ్గు పనికి దిగాడు. కాలేజీ గడప తొక్కలేదు. బాయిలో బొగ్గు టబ్బులు తోసీ తోసీ తొడలు ఉక్కయినాయని చెప్పుకునేవాళ్లు. పక్కకు తప్పుకొని పరుగెత్తడం అతని పద్ధతి కాదు; తల వంచి, ఎదురుగా ఉన్నవాళ్లను తోసుకుంటూ పోవడమే. పత్రికలు అతన్ని మనిషి రూపంలో ఉన్న ఫిరంగి అన్నాయి. ఈ సంగతి ఫోన్లో చెప్తే నాయినకు ఆట అర్థం కాలేదు గానీ మనిషి అర్థమయ్యాడు. "టబ్బులు తోసినోడా? వాన్ని ఆపుడు కష్టమే" అన్నాడు.

సీజన్ మొదలవడానికి ముందే ఊళ్లో ఇంకోటి మొదలైంది. 1925 సెప్టెంబర్ 1న ఆంత్రసైట్ కార్మికులు లక్షన్నర మందికి పైగా సమ్మెకు దిగారు. సమ్మె 170 రోజులు సాగింది. అంటే మెరూన్స్ తొలి ఆట నుంచి ఆఖరి ఆట దాకా బాయిలు మూతబడే ఉన్నాయి. టబ్బుల చప్పుడు లేదు, జీతం రోజు లేదు. సమ్మె చూసిన ఇంట్లో పెరిగినవాణ్ని కాబట్టి ఆ ఆదివారాలు ఎలాంటివో కొంత ఊహించగలను. ఇంట్లో మగవాడికి పొద్దుపోదు, ఆడమనిషికి డబ్బాలో బియ్యం కొలిచే పని తెగదు. అలాంటి రోజుల్లో ఊరు గెలిచే ఆట ఒకటుంటే మనిషి ఎంత దూరమైనా నడిచిపోతాడు.

ఆడే చోటు పాట్స్‌విల్‌లో కాదు, పక్కనే ఉన్న మైనర్స్‌విల్‌లో. ఆ రాష్ట్రంలో 1794 నాటి చట్టమొకటి ఆదివారం టిక్కెట్టు పెట్టి ఆటలాడించడాన్ని ఒప్పుకునేది కాదు. ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్‌ఫర్డ్ యెల్లో జాకెట్స్ జట్టు ఆ చట్టానికి తలవంచి శనివారమే ఆడేది. బొగ్గు ఊళ్లో దాన్ని పట్టించుకున్నవాడు లేడు. దాంతో బయటి జట్లకు ఒక్క రైలు ఖర్చుతో రెండు ఆటలు దొరికాయి: శనివారం ఫ్రాంక్‌ఫర్డ్‌తో, ఆదివారం పాట్స్‌విల్‌తో. ముందు రోజు దెబ్బలు తిని నడుములు పట్టుకొని దిగే జట్టును ఓడించడం కొంత సులువేనని ఒప్పుకోవాలి.

కానీ లెక్కలు చూస్తే సులువు ఒక్కటే కాదనిపిస్తుంది. సెప్టెంబర్ 27న బఫలో మీద 28-0. తర్వాతి వారం ప్రావిడెన్స్ చేతిలో 6-0 ఓటమి. అక్కణ్నుంచి కాంటన్ మీద 28-0, అదే ప్రావిడెన్స్ మీద 34-0, కొలంబస్ మీద 20-0, ఏక్రన్ మీద 21-0. నవంబర్ 14న ఫిలడెల్ఫియా వెళ్లి ఫ్రాంక్‌ఫర్డ్ చేతిలో 20-0తో చిత్తయ్యారు. మర్నాడే ఇంటికొచ్చి రాచెస్టర్‌ని ఓడించారు. క్లీవ్‌లాండ్ అయింది, గ్రీన్ బే 31-0తో పోయింది. నవంబర్ 29న ఫ్రాంక్‌ఫర్డ్ మైనర్స్‌విల్‌కు వచ్చింది. రెండు వారాల కింద 20-0తో ఓడినవాళ్లు ఈసారి 49-0తో కొట్టారు. సీజన్ మొత్తంలో వేసినవి 270 పాయింట్లు, ఇచ్చినవి 45. గెలిచిన పది ఆటల్లో ఏడింట అవతలివాళ్లకు సున్నా.

మిగిలింది షికాగో కార్డినల్స్. అప్పటికి వాళ్లు 9 గెలిచి, ఒకటే ఓడి, ఒకటి సమం చేసుకొని పట్టికలో పైనున్నారు. డిసెంబర్ 6న షికాగోలో, గడ్డకట్టిన నేల మీద పాట్స్‌విల్ 21-7తో గెలిచింది. అదే రోజు న్యూయార్క్‌లో, కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన రెడ్ గ్రేంజ్‌ని చూడ్డానికి అరవై వేలకు పైగా జనం విరగబడ్డారు. దేశం చూపంతా అటే. షికాగోలో కొన్ని వేలమంది ముందు ఏడాది తేలిపోయింది. కనీసం పాట్స్‌విల్ అట్లాగే అనుకుంది. పాట్స్‌విల్ 10 గెలుపులు, 2 ఓటములు; శాతం 83.3. కార్డినల్స్ 9 గెలుపులు, 2 ఓటములు, శాతం 81.8.

ఇక్కడ ఆగిపోతే ఇది మామూలు విజయగాథ. డాక్టరు ఆగలేదు.

నోటర్ డామ్ విశ్వవిద్యాలయం 1924 జట్టులోని నలుగురిని దేశమంతా గుర్రపు రౌతులని పిలిచేది: స్టూల్‌డ్రేయర్, క్రౌలీ, మిల్లర్, లేడన్. వాళ్లతో కూడిన మాజీ ఆటగాళ్ల జట్టుకూ ఒక వృత్తి జట్టుకూ ఫిలడెల్ఫియాలో ప్రదర్శన ఆట కుదిరింది. 49-0 తర్వాత ఆ అవకాశం పాట్స్‌విల్‌కు వచ్చింది. కానీ ఫిలడెల్ఫియా లీగ్ లెక్కలో ఫ్రాంక్‌ఫర్డ్ ఇలాకా. అనుమతి లేకుండా ఇంకొక జట్టు అక్కడ ఆడకూడదు. పైగా అదే రోజు ఫ్రాంక్‌ఫర్డ్‌కు సొంత ఆట ఉంది. వాళ్లు లీగ్ అధ్యక్షుడు జో కార్‌కు ఫిర్యాదు చేశారు. వద్దని ఆయన ఒకటికి మూడుసార్లు హెచ్చరించాడు. ఆయన ఒంట్లో బాగాలేనప్పుడు లీగ్ కార్యాలయం ఫోన్లో సరేనందని స్ట్రీగల్ వాదన. కాగితం మీద మాత్రం ఆ సరే లేదు.

డిసెంబర్ 12న షైబ్ పార్కులో ఆడారు. అనుకున్నంత జనం రాలేదు. లేడన్ గీత దాటాడు, నోటర్ డామ్ 7-0. లటోన్ తోసుకుంటూ పోయి 6 తెచ్చాడు, అదనపు పాయింటు కోసం తన్నిన బంతి గురి తప్పింది, 7-6. చివరి నిమిషాల్లో చార్లీ బెరీ ముప్పై గజాల దూరం నుంచి కొయ్యల మధ్యకు తన్నాడు. 9-7. డబ్బు కోసం ఆడే మొరటువాళ్లు కాలేజీ రాకుమారుల్ని ఓడించారు. ఆ గెలుపుతో గౌరవం పెరిగింది మొత్తం వృత్తి ఆటకే, అంటే జో కార్ లీగ్‌కే. ఆ లీగే పాట్స్‌విల్‌ను సస్పెండ్ చేసింది, 500 డాలర్ల జరిమానా వేసింది, మర్నాడు ప్రావిడెన్స్‌తో జరగాల్సిన ఆటను రద్దు చేసింది.

ఈలోగా షికాగోలో ఇంకో తమాషా నడిచింది. సీజన్ డిసెంబర్ 20 దాకా ఉంది గదా అని కార్డినల్స్ యజమాని క్రిస్ ఓ'బ్రయన్ హడావుడిగా రెండు ఆటలు కుదుర్చుకున్నాడు. గ్రేంజ్ ఆడుతున్న అదే ఊరి జట్టు బేర్స్‌తో పెద్ద వసూళ్ల ఆట దొరుకుతుందని ఆశ అంటారు. డిసెంబర్ 10న మిల్వాకీ మీద 59-0, 12న హామండ్ మీద 13-0. మిల్వాకీ అప్పటికే ఆ ఏడాదికి మూట సర్దుకున్న జట్టు. మనుషులు చాలక నలుగురు హైస్కూలు పిల్లల్ని మారుపేర్లతో దింపింది. పిల్లల్ని తెచ్చిపెట్టింది కార్డినల్స్‌లో ఆడే ఆర్ట్ ఫోల్జ్. బయటపడ్డాక ఫోల్జ్‌ను జీవితాంతం నిషేధించారు, తర్వాత ఎత్తేశారు. మిల్వాకీ యజమానిని జట్టు అమ్ముకొమ్మన్నారు. ఓ'బ్రయన్‌కు వెయ్యి డాలర్ల జరిమానా పడింది. కానీ ఆ 59-0 లెక్కలో ఉండిపోయింది.

ఒకరోజు రాత్రి కాగితం తీసుకొని కూర్చున్నాను. కార్డినల్స్ 11 గెలుపులు, 2 ఓటములు: 84.6. మిల్వాకీ ఆటను తీసేస్తే 10, 2: అచ్చంగా పాట్స్‌విల్ లెక్కే. అది ఉంచి, రద్దయిన ప్రావిడెన్స్ ఆట పాట్స్‌విల్ గెలిచిందనుకుంటే 11, 2: మళ్లీ సమానమే. రెండు దారుల్లోనూ లెక్క ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెడుతుంది. ముఖాముఖి ఆడినప్పుడు గెలిచింది ఎవరో షికాగో నేలకు తెలుసు.

నాయినకు ఇదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. "అంటే షిఫ్టంతా చేసిండ్రు, మస్టర్ పడలె" అన్నాడు. నేను సంతోషంగా అవునన్నాను. ఆయన అంతటితో వదలలేదు. "మరి వద్దని మూడుసార్లు చెప్తే ఎందుకు పోయిండ్రు? నీ బాయి ఇడిసిపెట్టి పక్క బాయిల దిగుతవా?"

నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా నేను బొగ్గు ఊరి పక్షానే చదివాను. నాయిన మాట తర్వాత డాక్టరు కూడా కనబడ్డాడు: డబ్బూ పేరూ ఒక్క ఆటలో వస్తాయని తెలిసి, టెలిగ్రాములు చూసీ చూడనట్టు రైలెక్కించినవాడు. జరిమానా డాక్టరుకు పడాల్సిందే. కానీ పోయింది లటోన్ సీజన్. అటు బడిపిల్లల మీద 59 పాయింట్లు చేసినవాళ్ల సీజన్ చెక్కుచెదరలేదు. నియమం తప్పని నేననను. అది ఎవరి నెత్తిన ఎంత బరువుతో పడిందన్నదే నా పేచీ.

ఈ కథలో నాకు పెద్దమనిషిగా కనబడేది విచిత్రంగా ఓ'బ్రయనే. లీగ్ సమావేశంలో విజేత పట్టం ఇస్తామంటే తీసుకోనన్నాడు. తనను ఓడించినవాళ్లున్నప్పుడు తనెలా విజేత? కొన్నేళ్లకు జట్టు చేతులు మారింది. చార్ల్స్ బిడ్‌విల్ కొన్నాక 1925 మాదేనన్నారు. పుస్తకంలో ఇప్పటికీ అట్లాగే ఉంది.

మెరూన్స్‌ను 1926లో తిరిగి చేర్చుకున్నారు. గ్రేంజ్ పేరుతో పుట్టిన పోటీ లీగ్‌లోకి పోతారన్న భయం అందుకొక కారణం. ఆ ఏడాదీ బాగానే ఆడారు. 1928కి రెండే గెలుపులు. 1929లో జట్టు బోస్టన్ తరలిపోయి అక్కడే ముగిసింది. ఊరి బొగ్గు కూడా నెమ్మదిగా అదే దారి పట్టింది. ఇళ్లలోకి నూనె, గ్యాస్ వచ్చాయి, బ్రేకర్లు ఒక్కొక్కటే కూలాయి.

ఊరు మాత్రం అర్జీ మానలేదు. 1963లో లీగ్ కాదంది. 2003లో మళ్లీ ఓటు పెడితే 30 జట్లు వద్దన్నాయి, రెండే సరేనన్నాయి: పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా. ఏ నగరం ఇలాకా పేరు చెప్పి పట్టం పోయిందో ఆ నగరమే తిరిగి ఇద్దామంది. ఉరితీసిన మాలీ మగ్వైర్లలో జాన్ కీహోకు 1979లో, నూరేళ్ల తర్వాత గవర్నరు క్షమాభిక్ష పత్రమిచ్చాడు. ఆ లెక్కన మెరూన్స్‌కు కూడా నూరేళ్లు నిండాయి.

లీగ్ కప్పు ఇవ్వకపోతే ఊరే చేసుకుంది. 1960లలో ఆంత్రసైట్‌ను చెక్కి ఫుట్‌బాల్ ఆకారంలో ఒక ట్రోఫీ చేయించి, కాంటన్‌లోని ఫుట్‌బాల్ మ్యూజియానికి పంపింది. లీగ్ పుట్టిన ఊళ్లోనే ఆ నల్లటి బంతి ఉంది. దాని ఫొటో నాయినకు పంపాను. మనవరాలి చేత ఫోన్ పెద్దది చేయించుకొని చూశాడట. "మంచి బొగ్గు. రాయి లేదు" అన్నాడు.

పుస్తకం ఎందుకుండాలో నాయిన నాకు ఎప్పుడో చెప్పాడు: దిగినవాళ్లలో ఎవరు పైకి రాలేదో తెలియడానికి. 1925 పట్టికలో రెండో వరసలో పాట్స్‌విల్ అని ఉంటుంది. 10 గెలుపులు, 2 ఓటములు. దిగినట్టు రాసి ఉంది.